లాప్‌టాప్‌లో ఫోన్ బ్రౌజర్: రెండు వేళ్లు పెడితే పేజీ ఎందుకు ఎగిరిపడుతుంది?

నమస్తే అండి. ఈరోజు రివ్యూ చేస్తున్నది కొత్త ఫోనూ కాదు, కొత్త లాప్‌టాపూ కాదు. ఫోన్ కోసం తయారైన బ్రౌజర్‌ని లాప్‌టాప్‌లో వేసుకుంటే, ట్రాక్‌ప్యాడ్‌తో దాన్ని వాడగలమా లేదా అన్నదే చూద్దాం. నా ముందున్నది టచ్‌స్క్రీన్ లేని క్రోమ్‌బుక్, అంటే గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే లాప్‌టాప్. ప్లే స్టోర్ నుంచి ఒక ఆండ్రాయిడ్ బ్రౌజర్ ఎక్కించాను. ఏ కంపెనీ లాప్‌టాప్, ఏ బ్రౌజర్ అని పేర్లు చెప్పను. చూపించబోయేది ఏ ఒక్కదాని జబ్బూ కాదు కాబట్టి.

క్రోమ్‌బుక్‌లకి ప్లే స్టోర్ 2016లో వచ్చింది. ఫోన్‌లో చేతికి అలవాటైన బ్రౌజర్ ఇక్కడా ఉంటే బాగుండు అనుకోవడం సహజమే. పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు అన్నీ వచ్చేస్తాయి. పైగా 2023 డిసెంబర్ నుంచి ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో వందల ఎక్స్‌టెన్షన్‌లు, అంటే బ్రౌజర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్‌లు, దొరుకుతున్నాయి. అంతవరకు అందరికీ నచ్చే బేరమే.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. తెలుగు వికీపీడియాలో ఒక పెద్ద వ్యాసం తెరిచాను. రెండు వేళ్లు ట్రాక్‌ప్యాడ్ మీద పెట్టి మెల్లగా, చాలా మెల్లగా జరుపుతున్నాను. పేజీలో చలనం లేదు. ఇంకొంచెం. అదిగో, ఒక్కసారిగా ఎగిరింది! చదువుతున్న లైను ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి. సరే, ఇప్పుడు గట్టిగా విసురుతాను. వేళ్లు తీయగానే పేజీ ఠక్కున ఆగిపోయింది. ఫోన్‌లో అయితే కాసేపు అలా జారుతూ మెల్లగా ఆగేది కదా, ఆ జారుడు ఇక్కడ లేదు.

ఎందుకిలా? ట్రాక్‌ప్యాడ్ మీద మీరు చేసిన కదలిక ఆండ్రాయిడ్ యాప్‌కి రెండు రకాలుగా చేరొచ్చు. ఒకటి, మౌస్ చక్రం తిప్పినట్టు. ఈ దారిలో యాప్‌కి వచ్చేది మైనస్ 1 నుంచి 1 లోపు ఒక అంకె. దాన్ని ఎంత దూరంగా మార్చాలో ఆండ్రాయిడ్‌లో ఒక లెక్క ఉంది. మామూలుగా చక్రం ఒక పూర్తి మెట్టు తిరిగితే, అంటే 1 వస్తే, 64 డీపీ. డీపీ అంటే స్క్రీన్ సాంద్రతతో సంబంధం లేకుండా కొలిచే పిక్సెల్ అనుకోండి. మన తెలుగు అక్షరాలకి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువే పెడతారు. అయినా ఒక్క మెట్టుకి రెండు, రెండున్నర లైన్లు ఎగిరిపోతాయి. మంచి ట్రాక్‌ప్యాడ్ 0.1, 0.05 అని చిన్న చిన్న ముక్కలుగా పంపగలదు. మధ్యలో ఏదో ఒక చోట ఆ ముక్కల్ని పట్టించుకోకపోతే ఇందాక చూసిన గెంతు వస్తుంది. పైగా చక్రానికి వేలు ఎత్తడం అనేదే ఉండదు. అందుకే ఆ జారుడు రాదు.

రెండో దారి, తెర మీద వేలు పెట్టి లాగినట్టు. ఇక్కడ జారుడు బాగుంటుంది. మొదట్లో చిన్న కదలికను మాత్రం లెక్కచేయదు, ఎందుకంటే మీరు నొక్కుతున్నారా, లాగుతున్నారా అని ఆండ్రాయిడ్ 8 డీపీ దాకా చూస్తుంది. అసలు తలనొప్పి వేరే ఉంది. పేజీ మొదట్లో ఉండి ఇంకా పైకి స్క్రోల్ చేశారనుకోండి, బ్రౌజర్ దాన్ని రిఫ్రెష్ కోసం కిందికి లాగారని అనుకుంటుంది. సగం నింపిన అప్లికేషన్ ఫారం ఉంటే, టైప్ చేసిందంతా గోవిందా! ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఆండ్రాయిడ్ 14లో, ఇది వేలు కాదు, ట్రాక్‌ప్యాడ్ మీద రెండు వేళ్ల కదలిక అని యాప్‌కి విడిగా చెప్పే గుర్తు పెట్టారు. ఆ గుర్తుని చదివే ఓపిక యాప్ తయారుచేసినవాళ్లకి ఉండాలి మరి.

మీ దాంట్లో ఏ దారో తెలుసుకోవాలంటే ఏదైనా మ్యాప్ సైట్ తెరిచి, మ్యాప్ మీద రెండు వేళ్లు జరపండి. జూమ్ అయితే చక్రం. మ్యాప్ పక్కకి జరిగితే వేలు.

చాలామంది ఇచ్చే సలహా, "డెస్క్‌టాప్ సైట్ ఆన్ చెయ్యండి" అని. దానివల్ల సైట్ పెద్ద తెరకి తగ్గ పేజీ పంపుతుంది, అంతే. ట్రాక్‌ప్యాడ్ సంగతి దానికి పట్టదు.

పనికొచ్చేవి చెప్తాను. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో కిందికి లాగితే రిఫ్రెష్ అయ్యే ఆప్షన్ ఉంటే ముందు ఆపేయండి. స్క్రోల్ చేసినప్పుడు అడ్రస్ బార్ దాక్కునేది కూడా ఆపితే, బార్ వస్తూ పోతూ పేజీని కదపడం తగ్గుతుంది. చదివేటప్పుడు స్పేస్ బార్ నొక్కండి, పేజీ కిందికి వెళ్తుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే పైకి. క్రోమ్‌బుక్‌లో లాంచర్ కీతో కింది బాణం నొక్కినా పేజ్ డౌన్ అవుతుంది. మామూలు మౌస్ ఉంటే ఇంకా మేలు, చక్రం లెక్క అసలు దానికోసం పెట్టిందే.

విండోస్ వాళ్లు అడుగుతారు, మా సంగతేంటని. విండోస్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే తన ఆండ్రాయిడ్ సబ్‌సిస్టమ్‌కి మైక్రోసాఫ్ట్ 2025 మార్చి 5తో సపోర్ట్ ఆపేసింది. డెస్క్‌టాప్ బ్రౌజరే చక్కగా ఉంది కదా, మీకెందుకండీ ఈ గోల!

నా మాట: టచ్‌స్క్రీన్ ఉన్న క్రోమ్‌బుక్ అయితే వేసుకోండి, వేలితోనే వాడండి. లేకపోతే రోజూ చదువుకోవడానికి దీన్ని నేను రికమెండ్ చెయ్యను. ఫైర్‌ఫాక్సే కావాలంటే సెట్టింగ్స్‌లో లైనక్స్ ఆన్ చేసి డెస్క్‌టాప్ వెర్షన్ వేసుకోండి. అయితే 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో లైనక్స్ మీద నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆయాసపడుతుంది, 8 జీబీ ఉంటే టెన్షన్ లేదు.

ఇంకోటి. యాప్ వాళ్లకి ఫిర్యాదు పంపేటప్పుడు "స్క్రోల్ బాగాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఆండ్రాయిడ్ వెర్షన్, క్రోమ్ ఓఎస్ వెర్షన్, మ్యాప్ జూమ్ అయిందా జరిగిందా, అదే పేజీ మౌస్‌తో ఎలా కదిలింది, ఈ నాలుగూ రాయండి. వీలైతే వేళ్లూ తెరా రెండూ కనిపించేలా పది సెకన్ల వీడియో తీసి జతచేయండి.