చేతులు ఆరేదాకా చేపలు ఆగవు

సభాధ్యక్షులకు, వేదిక మీది ఆచార్యులకు, ఈ సభను ఏర్పాటు చేసిన విద్యార్థులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు నా నమస్కారాలు. నన్ను పరిచయం చేసిన పెద్దలు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞత చెప్పుకుని, మిగిలిన మర్యాదలను వారి అనుమతితో ఇక్కడే ముగిస్తాను. నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పవలసిన సంగతి కొన్నేళ్ళుగా నా మనసులో నానుతున్నది.

ఈ రోజు అంశంగా నాకు ఇచ్చినది సాంకేతిక ధోరణులు, ఉత్పత్తుల రూపకల్పన. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో మన విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించినప్పటి నుంచి, ఈ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా పిల్లలు ఇప్పుడు ఏం నేర్చుకోవాలమ్మా అని నన్ను అడుగుతున్నారు. ప్రొడక్ట్ మేనేజర్ అంటే ఏం చేస్తారని కూడా అడుగుతున్నారు. ఒక వస్తువును ఎవరి కోసం చేయాలి, అందులో ఏముండాలి, ఏముండకూడదు అని తేల్చి, రేపు అది ఎవరికైనా పనికిరాకపోతే జవాబు చెప్పవలసిన మనిషి అని నేను చెబుతాను. అలా నేను జవాబు చెప్పవలసివున్న ఒక మనిషి గురించి ముందుగా చెప్పి, ఆ తరువాత ధోరణుల దగ్గరికి వస్తాను.

2019 జనవరిలో, హైదరాబాదులోని ఒక సంస్థలో పనిచేస్తూ, చేపలు అమ్ముకునే ఆడవారి అరువు పద్దుల కోసం మేము ఒక చిన్న యాప్ తయారుచేశాం. పుట్టి పెరిగిన ఊరు కదా అని, దానిని పరీక్షించడానికి విశాఖ ఫిషింగ్ హార్బరును నేనే ఎంచుకున్నాను. తెల్లవారుజామున బోట్లు ఒడ్డుకు చేరి, వేలంపాట మొదలై, ఐసు నీళ్ళతో, సముద్రపు నీళ్ళతో నేలంతా చిత్తడిగా ఉన్న వేళ, అరవై దాటిన ఒకావిడ చేతికి ఫోను ఇచ్చాను. ఆమె కోనాం చేపల బుట్ట దించి, కొంగుతో చేయి తుడుచుకుని, తెర మీద వేలు పెట్టింది. ఒక చోట నొక్కితే మరొక చోట తెరుచుకుంది. మళ్ళీ నొక్కితే నాలుగు వందల రూపాయల బాకీ రెండుసార్లు నమోదైంది. నేను పక్కనే నిలబడి, "పెద్దమ్మా, చేయి బాగా ఆరాక నొక్కండి" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "సేతులు ఆరీదాకా సేపలు ఆగుతాయేటమ్మా?" అని, ఫోను నా చేతిలో పెట్టి, బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తెర ఎలా పనిచేస్తుందో ఇంజినీరింగ్ చదువుతున్న మీకు నేను చెప్పనక్కరలేదు. గాజు కింద పరచిన పలుచని వాహక పొర, వేలు దగ్గరైనప్పుడు కెపాసిటెన్సులో, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణంలో, వచ్చే మార్పును పట్టుకుని స్పర్శను గుర్తిస్తుంది. నీరు, అందునా ఉప్పునీరు, విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక, తెర మీది నీటి చుక్కకూ మనిషి వేలికీ తేడా ఆ పొరకు సరిగా తెలియదు. ఈ సంగతి నాకు కళాశాల రోజుల నుంచీ తెలుసు. చేపలమ్మే మనిషి చేయి తడిగా ఉంటుందన్నది, ఈ ఊరి పిల్లను కనుక, అంతకంటే ముందు నుంచీ తెలుసు. ఈ రెండింటినీ ఒక చోట పెట్టి ఆలోచించకపోవడం నా తప్పు.

తప్పును దిద్దుకునే అవకాశం కోసం నేను అడిగాను. సమీక్ష సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పై అధికారి పట్టిక తీసి చూపించి, మొదటి వారం దాటి నిలబడినవారిలో ఎక్కువమంది రోజూ వాడుతున్నారు కనుక యాప్ బాగున్నట్టేనన్నారు. మొదటి రోజే ఫోను తిరిగి ఇచ్చేసిన పెద్దమ్మ ఆ పట్టికలో ఎలా ఉంటుంది? వాడలేక మానుకున్నవారందరినీ తీసివేసి, మిగిలినవారిని లెక్కపెట్టి, అందరూ వాడుతున్నారని అనుకోవడం కంటే పెద్ద మోసం మా వృత్తిలో మరొకటి లేదు. నేను ఆ మాట అన్నప్పుడు, "ఆమె మన కస్టమరు కాదు" అన్నారు. ఆమె కాకపోతే ఎవరని నేను అప్పుడు గట్టిగా అడిగి ఉండవలసింది. ఊరుకున్నాను.

అంతటితో అయిపోలేదు. ఏప్రిల్ 15 వచ్చింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లకు వేట నిషేధమని ఈ ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మా యాప్ మాత్రం 30 రోజులు తెరవని ఖాతాను నిద్రపోయినదిగా భావించి మూసివేసేది. నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి వెళ్ళిన రోజున, అప్పటిదాకా ఓర్పుతో వాడుతున్న కొద్దిమంది కూడా బయట నిలబడవలసివచ్చింది. తిరిగి లోపలికి రావాలంటే ఓటీపీ కావాలి, ఆ రెండు నెలల్లో కొందరి నంబర్లే మారిపోయాయి. ముప్పై రోజులన్న ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, అందరూ అంతే పెడతారని జవాబు వచ్చింది. ఏడాది తిరగకముందే ఆ యాప్‌ను ఎత్తివేశారు.

నేను రాసుకుని తెచ్చిన కాగితంలో ఈ తరువాత రాబోయే పదేళ్ళ ధోరణులు వరుసగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని వదిలివేస్తున్నాను, అధ్యక్షులు మన్నించాలి. దానికి బదులు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఫోను తెలుగులో పెట్టుకున్నవారు దయచేసి చేతులెత్తండి. ఇంత పెద్ద సభలో ఐదారు చేతులు కనబడుతున్నాయి. మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగలేదు. తెలుగులో పెట్టుకున్నవారికి మేము ఏమిచ్చామో నాకు తెలుసు. బ్యాంకులో అందరూ బ్యాలెన్సు అనే మాటను ఎవరూ అనని మాటగా మార్చి, దుకాణంలో "పంపండి" అనవలసిన చోట గుడిలోలాగా "సమర్పించండి" అని రాసి ఇచ్చాం. అర్థం కాని తెలుగు కంటే అలవాటైన ఇంగ్లీషు నయమని జనం అనుకున్నారంటే ఆ నేరం జనానిది కాదు.

దీని వెనుక డబ్బు లెక్క కూడా ఉంది. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. అదే తెలుగులో రాస్తే 70 సంకేతాలే పడతాయి, అందులోనూ వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" అని మనం ఒక అక్షరంగా పలికేది, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో, ఆరు సంకేతాలు. అందువల్ల తెలుగులో సమాచారం పంపితే ఖర్చు రెండు మూడింతలవుతుందని, డబ్బు కట్టిన రసీదు కూడా ఇంగ్లీషులోనే పంపుతారు. అడిగినదానికి జవాబు రాసిచ్చే కృత్రిమ మేధకు ఆధారమని ఇప్పుడు అందరూ చెప్పుకునే భాషా నమూనాలలోనూ ఇదే కథ నడుస్తున్నది. అవి వాక్యాన్ని టోకెన్లుగా ముక్కలు చేసుకుని చదువుతాయి, అదే అర్థమున్న ఇంగ్లీషు వాక్యం కంటే తెలుగు వాక్యం సాధారణంగా ఎక్కువ ముక్కలవుతుంది, రుసుము ముక్కల లెక్కన ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో, ఐఫోనుకు సందేశంగా వస్తే ఆ సందేశాల యాప్ కుప్పకూలిపోయేది. కొద్ది రోజులలోనే ఆపిల్ దానిని సరిచేసింది. నా బాధల్లా ఒకటే. "జ్ఞానం" అన్న మాట ఏ తెలుగు బడిపిల్లవాడైనా రాస్తాడు. ఆ అక్షరాన్ని అన్ని రకాలుగా రాసి చూసే మనిషి పరీక్ష బల్ల దగ్గర ఒక్కరున్నా, అది జనం ఫోన్లదాకా వచ్చేది కాదు. మీలో ఎవరైనా ఆ బల్ల దగ్గర కూర్చోవాలని నేను కోరుకుంటున్నాను.

బాగా చేసినవారు లేకపోలేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల నుంచి సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతనూ క్లోరోఫిల్‌నూ కొలిచి, చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో మత్స్యకారులకు చెబుతుంది. ఎంతో క్లిష్టమైన ఆ శాస్త్రమంతా చివరికి ఒడ్డు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం, ఎంత లోతు అన్న మూడు మాటలుగా వారికి చేరుతుంది, ఎందుకంటే పడవ నడిపే మనిషికి కావలసినవి ఆ మూడే. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే మామూలు బటన్ల ఫోనుతో కూడా డబ్బు పంపే వీలు కల్పించింది. ఇక దుకాణాలలోని సౌండ్ బాక్సును చూడండి. దానికి తన సొంత సిమ్ము ఉంటుంది, దుకాణదారు ఫోను తాకనక్కరలేదు, చదవనక్కరలేదు, ఎంత వచ్చిందో తెలుగులో వినబడుతుంది. తడి చేయిని గుర్తుపెట్టుకుని చేసిన వస్తువు అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి టవర్లూ కరెంటూ పోయిన రోజులు మీ తల్లిదండ్రులకు గుర్తుండే ఉంటాయి. నెట్టు లేని వారం రోజులు మీ యాప్ ఏం చేస్తుందని నేను ఎక్కడికి వెళ్ళినా అడగడం ఆ రోజుల నుంచి వచ్చిన అలవాటే.

ఆ పెద్దమ్మ దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళాను. యాప్ మూసేశాక, చేతిలో ఫోను లేకుండా వెళ్ళి, బాకీలు ఎలా గుర్తుపెట్టుకుంటారని అడిగాను. పగలంతా మనసులో ఉంచుకుని, సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని వరుసగా చెబుతుంటే మనవరాలు నోటు పుస్తకంలో రాస్తుందట. అప్పటికి ఆమె చేతులు ఆరి ఉంటాయి. మేము చేయవలసింది సాయంత్రపు అరుగు కోసం, ఆమె గొంతు విని రాసిపెట్టే వస్తువు. నెలల తరబడి రంగులూ బటన్లూ మార్చిన మాలో ఒక్కరం కూడా పద్దు ఏ వేళకు రాస్తారని ఆమెను అడగలేదు.

ఈ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు నేను ఫిషింగ్ హార్బరు గేటు దగ్గర ఉంటాను. మీరు తయారుచేసినది ఏదైనా సరే, అది ఉన్న ఫోను తీసుకుని, తడిసినా ఫర్వాలేని చెప్పులు వేసుకుని రండి. బేరాల మధ్య ఎవరికీ అడ్డుపడవద్దు. తీరిక ఉన్నవారిని అడిగి వారి చేతికి ఇవ్వండి, ఎలా వాడాలో మాత్రం చెప్పకండి, పక్కన నిలబడి చూడండి. సందడి తగ్గాక అక్కడే టీ తాగుతూ, నేను ఈ రోజు వదిలివేసిన ధోరణుల గురించి మాట్లాడుకుందాం.