ట్యాంకులో నీళ్లు ఎక్కడివి?

నమస్కారం. సముద్రం పక్కన విశాఖ ఫ్లాట్లలో ఉండేవాళ్లే ఎక్కువమంది కనిపిస్తున్నారు. అందుకని డీహ్యూమిడిఫైయర్ (గది గాలిలోని తేమను నీళ్లుగా మార్చి ట్యాంకులో పట్టే మెషీన్) ధరల కంటే ముందు నీళ్ల లెక్క చూద్దాం.

12 అడుగుల చదరం, 10 అడుగుల ఎత్తు గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర తేమ 85 శాతం నుంచి 55కి దిగాలంటే ఆ గాలిలోంచి తీయాల్సింది 370 మిల్లీలీటర్లే. మరి డీహ్యూమిడిఫైయర్ ట్యాంకు తెల్లారేసరికి రెండు లీటర్లు ఎలా నిండుతుంది? పరుపు, బీరువాలో బట్టలు, గోడలు పీల్చుకున్న చెమ్మ కొంత. మిగతాది సందుల్లోంచి దూరే బయటి గాలి. గంటకోసారి గది గాలంతా మారితే ఇంకో 370 వచ్చి చేరినట్టే. కిటికీ తీసి మెషీన్ వేస్తే మీరు ఆరబెట్టేది బంగాళాఖాతాన్ని!

ముందు తేమ మీటరు కొనండి, దాన్ని పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు వేసి, కరగకుండా ముద్దయ్యేంత నీళ్లు చల్లండి. మూతనీ మీటర్నీ ఒకే జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపాలి. 70 చూపితే ఎప్పుడూ 5 కలుపుకోండి.

అట్టపెట్టె మీద ‘20 లీటర్లు’ అంటే ట్యాంకు సైజు కాదు, రోజుకు తీసే నీళ్లు. అదీ చాలా మోడళ్లకు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కట్టిన లెక్క. 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర సుమారు సగమే వస్తుంది. ఏ లెక్కో షాపులో అడిగి తీసుకోండి. మన వేడికి కంప్రెసర్ రకమే సరి. కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే చల్లబడే బిళ్లతో పనిచేసే పెల్టియర్ రకం, చేతిలో పట్టే బుల్లి డబ్బాలు బీరువాకి సరిపోతాయేమో, గదికి దండగ.

ఇంకో సంగతి, డీహ్యూమిడిఫైయర్ గదిని వేడెక్కిస్తుంది. 300 వాట్ల మెషీన్ గంటకు అరలీటరు తీస్తుంటే వదిలే వేడి దాదాపు 640 వాట్లు. ఆవిరి నీరయ్యేటప్పుడు దాచుకున్న వేడిని వదులుతుంది మరి. అందుకే మనుషులు లేనప్పుడు తలుపులేసి నడపండి. ఎనిమిది గంటలకు 2.4 యూనిట్లు. ఏసీ ఉంటే ముందు డ్రై మోడ్ (తేమ తీయడానికి ఉండే సెట్టింగు) చూడండి. ముసురు పట్టి గది చల్లబడితే ఏసీ కంప్రెసర్ ఊరికే ఆగిపోతుంది, చెమ్మ అలాగే ఉంటుంది. ఈ మెషీన్ అవసరం అప్పుడే.

గోడ మీద మరకుంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపేసి ఒక రోజు ఉంచండి. గోడ వైపు చుక్కలు పడితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. పిలవాల్సింది ప్లంబర్ని.

నడిపేటప్పుడు గోడకి అడుగు దూరం ఉంచండి. నీళ్లు బయటికి పోయే పైపు పెడితే ఎక్కడా పైకి లేవకుండా కిందికే వాలాలి. ఫిల్టరు రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. మన వాతావరణంలో కాయిల్ (లోపల చల్లబడే గొట్టాల చుట్ట) మీద మంచు కట్టిందంటే ముందు ఫిల్టరు చూడండి, అది శుభ్రంగా ఉంటే గ్యాసు తగ్గిందేమో చూపించండి. ట్యాంకు ఖాళీగా ఉన్నా ‘ఫుల్’ లైటు వెలిగితే లోపలి తేలుడు బిళ్ల ఇరుక్కుందేమో చూడండి.

ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఇన్వర్టర్ బ్యాటరీలోనూ పోయకండి, దుమ్మూ కాయిల్ లోహమూ కలిసి ఉంటాయి. బాత్రూం కడుక్కోండి. అదే గదికి తడిగుడ్డ పెడితే మాత్రం రాత్రంతా తీసినవి మళ్లీ గాలిలోకే పోతాయి.