పిట్టలు కొట్టుకోవని ఎవరన్నారు?

ఇంట్లో పిల్లలిద్దరు రిమోట్ కోసం జుట్టూ జుట్టూ పట్టుకుంటే పెద్దవాళ్లు ఒక మాట అంటారు కదా, "మీకంటే పశుపక్ష్యాదులే నయంరా, ఒక్క గూట్లో ఎంత కలిసిమెలిసి ఉంటాయి!" అని. ఈ మాట వింటే నాకు ఉండబట్టదు. గూట్లో ఏం జరుగుతుందో ఒక్కసారి చూద్దాం రండి.

నీలికాళ్ల బూబీ అని ఒక సముద్రపక్షి. మెక్సికోలోని ఇసబెల్ దీవిలో హ్యూ డ్రమ్మండ్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వీటి గూళ్ల దగ్గరే కూర్చున్నారు. మామూలుగా రెండు గుడ్లు ఉంటాయి, మొదటి పిల్ల బయటికొచ్చాక దాదాపు నాలుగు రోజులకు గానీ రెండోది రాదు. ఆ నాలుగు రోజుల పెద్దరికం చాలు. పెద్దది చిన్నదాని తలమీద టకటకా పొడుస్తుంది, చిన్నది ముక్కు కిందికి దించి మొహం దాచుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ దానికి లొంగడమే అలవాటైపోతుంది.

కానీ తిండి సరిపోతున్నంత కాలం పెద్దది చిన్నదాన్ని మామూలుగా చంపదు. నన్ను కట్టిపడేసింది ఇదే. డ్రమ్మండ్ బృందం పిల్లల మెడకు టేపు చుట్టి కొంతకాలం మింగకుండా చేసింది (చదువుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంది). పెద్దదాని బరువు ఉండాల్సిన దానికంటే 20 శాతానికి పైగా తగ్గేసరికి పొడవడం బాగా పెరిగింది. అంటే గొడవ ఎంతవరకు వెళ్తుందన్నది దాని కడుపు చెబుతోంది.

దీని దగ్గరి చుట్టం నాజ్కా బూబీ మాత్రం వేరు. గాలపాగోస్ దీవుల్లో ఉంటుంది. రెండు గుడ్లూ పిల్లలైతే పెద్దది కొద్ది రోజుల్లోనే చిన్నదాన్ని గూట్లోంచి బయటికి నెట్టేస్తుంది, తల్లి అడ్డుపడదు. రెండో గుడ్డు స్టెప్నీ టైరు లాంటిది, మొదటిది పిల్ల కాకపోతేనే దాని అవసరం. డేవిడ్ ఆండర్సన్ బృందం ఏం చేసిందంటే, ఈ రెండు జాతుల పిల్లల్నీ ఒకరి గూట్లోవి ఇంకొకరి గూట్లోకి మార్చింది. నీలికాళ్ల పిల్లలు నాజ్కా తల్లిదండ్రుల దగ్గర పెరిగితే తోబుట్టువుని చంపడం ఎక్కువైంది, నాజ్కా పిల్లలు నీలికాళ్ల వాళ్ల దగ్గర పెరిగితే తగ్గింది! పుట్టుబుద్ధి ఒక్కటే కాదు, గూడు ఎవరిది, పెంచేదెవరు అన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఇక మనుషుల సంగతి. మన ఇళ్లలో నాలుగు రోజుల బదులు రెండు మూడేళ్ల తేడా ఉంటుంది, అందుకే "పెద్దోడు బాధ్యత తెలిసినోడు, రెండోవాడు గడుగ్గాయి" అని పుట్టినప్పుడే ముద్ర వేసేస్తాం. 2015లో జర్మనీ పరిశోధకులు అమెరికా, బ్రిటన్, జర్మనీలకు చెందిన 20 వేల మందికి పైగా వివరాలు చూస్తే, పుట్టిన వరసకీ పెద్దయ్యాక ఉండే స్వభావానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. తెలివితేటల పరీక్షలో మాత్రం ముందు పుట్టినవాళ్లకు కాస్త మొగ్గు ఉంది. అదైనా ఎంత? 2007లో నార్వేలో సైన్యం పరీక్షలకు వచ్చిన రెండు లక్షలకు పైగా కుర్రాళ్లలో తేడా రెండు మూడు ఐక్యూ పాయింట్లు. పైగా అన్నో అక్కో చిన్నప్పుడే చనిపోయి, ఇంట్లో పెద్దవాడిగా పెరిగిన రెండోవాడికి ముందు పుట్టినవాళ్ల లాంటి మార్కులే వచ్చాయి. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. పుట్టిన వరస కాదు, పెరిగిన స్థానం. మళ్లీ బూబీ గూడే!

టైమ్ అయిపోతోంది, కానీ గుడ్లగూబల సంగతి చెప్పకుండా వదల్లేను. బార్న్ ఔల్ అని తెల్లమొహం గుడ్లగూబ, స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ రూలాన్ బృందం చూసింది. తల్లిదండ్రులు ఎలకతో రాకముందే చీకట్లో పిల్లలు అరుపులతో బేరమాడుకుంటాయి. ఎక్కువ ఆకలేసినది ఎక్కువ అరుస్తుంది, మిగతావి ఆ ఎలకని దానికి వదిలేస్తాయి. ఒక్కోసారి పెద్దపిల్ల తన నోటి దగ్గర ముద్దని తీసుకెళ్లి చిన్నదాని నోట్లో పెడుతుంది.