వర్ణన ఎవరి కళ్లతో?

శ్రోతలకు నమస్కారం. కథలో వర్ణన ఎంత ఉండాలని కొత్తగా రాసేవాళ్లు అడుగుతుంటారు. ఎంత అన్నది తర్వాత చూద్దాం. ఎవరి కళ్లతో అన్నది ముందు.

మన లాడ్ బజారే తీసుకోండి. 1591 నాటి చార్మినార్‌కి పడమటి వీధి, మీకు తెలిసిందే. "లాడ్ బజారు రంగురంగుల గాజులతో ధగధగలాడుతోంది" అని రాశామనుకోండి. తప్పేం లేదు. కాకపోతే ఆ వీధిలో అడుగు పెట్టకుండానే ఎవరైనా రాసెయ్యొచ్చు.

ఇప్పుడు అక్కడికి ఒక తల్లిని పంపిద్దాం. కూతురి పెళ్లి దగ్గరపడింది. చేతిలో డబ్బు తక్కువ. ఆదికి తెచ్చిన పాత గాజు కొంగున ముడేసుకుంది. దుకాణం అతను డబ్బా తెరవగానే ఆమె గాజుల వంక చూడదు, ధర ఎంత చెబుతాడోనని అతని మొహం వంక చూస్తుంది. బాగా నచ్చిన జతనే ముందు పక్కకి నెడుతుంది. నచ్చినట్టు తెలిస్తే రేటు దిగడు మరి! రాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో గోటితో గీకుతుంది. డబ్బా మూల ఊడిపడిన ఎర్రరాయి ఒకటి కనిపిస్తుంది. "ఇదిగో, ఇప్పుడే రాలిపోతున్నాయి" అంటూ బేరం అక్కడ అందుకుంటుంది. చూశారా, రంగు వచ్చేసింది, మెరుపు వచ్చేసింది, దుకాణం వచ్చేసింది. వర్ణన కోసం కథ ఎక్కడా ఆగలేదు.

అదే గాజు చేసిన పనివాడి కథైతే? అతనికి రంగుకన్నా వేడి ముఖ్యం. బొగ్గుల సెగకి లక్క మెత్తబడాలి, చల్లారేలోగా రాళ్లు అద్దాలి. అక్కడ వేళ్లకి తగిలేదే రాయాలి.

"అందమైన", "అద్భుతమైన" లాంటి మాటలు వరసగా కనిపిస్తే నాకైతే చిరాకు. చదివేవాడి పని మనమే చేసేస్తున్నట్టు ఉంటుంది.

మీరు రాసిపెట్టుకున్న కథ ఏదైనా ఉంటే, అందులో వర్ణన ఉన్న పేరా ఒకటి తీయండి. ఆ నిమిషాన అందులోని మనిషికి ఏం కావాలో పక్కన రాసుకోండి. దానికి అడ్డొచ్చేవీ, సాయపడేవీ ఉంచండి. మిగతావి కొట్టేయండి. అతను ఇంట్లో కూర్చుని పాత రసీదు వెతుక్కుంటుంటే బయటి వాన మనకి అక్కర్లేదు. మెహదీపట్నంలో ఆటో కోసం నిలబడ్డాడా, వాన ఉండాల్సిందే. అప్పుడు కూడా "కుండపోత" అనకండి. ఆటో అతను ఎంత అడిగాడో రాయండి. వాన ఏపాటిదో హైదరాబాద్ వాళ్లకి అర్థమైపోతుంది.