మొదటి బ్యాగ్‌కు ఏడు క్లబ్బులు చాలు

సభకు నమస్కారం. గోల్ఫ్ నేర్చుకోవాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే మొదటి ప్రశ్న ఆట గురించి కాదు, ఖర్చు గురించి. క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) పూర్తి సెట్టు కొనే స్తోమత లేదు కాబట్టి ఈ ఆట మనది కాదని మొదట్లోనే వెనుదిరిగినవారిని చూశాను. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పూర్తి సెట్టు లేనిదే ఆట లేదన్న వారి అంచనాలోనే పొరపాటు ఉంది.

ఒక రౌండులో, అంటే సాధారణంగా 18 హోళ్ల ఆటలో, 14 క్లబ్బులకు మించి వెంట తీసుకుపోకూడదని నియమం. పూర్వం కొందరు ఆటగాళ్లు ఇరవైకి పైగా క్లబ్బులు మోయించేవారు. అది మితిమీరడంతో అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో, స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కు చెందిన గోల్ఫ్ సంస్థ ఆర్ అండ్ ఏ 1939లో ఈ హద్దు విధించాయి. అయితే ఇన్నయినా ఉండి తీరాలని నియమాల్లో ఎక్కడా లేదు. కొత్తవారికి అందులో సగం, అంటే 7 చాలని నా అభిప్రాయం: ఒక ఫెయిర్‌వే వుడ్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్బు), ఒక హైబ్రిడ్ (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం), 7, 9 నంబర్ల ఐరన్లు (పలచని లోహపు తల గలవి), పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్ (దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపేవి), పట్టర్ (గ్రీన్ అనే నున్నని పచ్చిక మీద బంతిని హోల్‌లోకి దొర్లించేది). బంతిని గాల్లోకి లేపడమే కష్టంగా ఉన్న దశలో 6వ నంబరు ఐరన్‌తో కొట్టిన బంతికీ 7వ నంబరుతో కొట్టిన బంతికీ దూరంలో నికరమైన తేడా కనిపించదు. ఆ తేడా కనిపించే రోజు వచ్చాక కొంటే ఆ డబ్బుకు ప్రయోజనం ఉంటుంది.

ఈ జాబితాలో డ్రైవర్, అంటే హోల్ మొదట్లో దూరపు దెబ్బకు వాడే క్లబ్బు, లేదని మీరు గమనించే ఉంటారు. సెట్టులో అన్నిటికన్నా పొడవైనదీ, అదుపు చేయడానికి కష్టమైనదీ, తరచుగా అత్యంత ఖరీదైనదీ అదే. దాన్ని తరువాత కొనవచ్చు.

పట్టర్ విషయంలో మాత్రం తొందర పడవద్దు. పార్ 72, అంటే 18 హోళ్లను 72 స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించాలన్న లెక్కలో, ఒక్కో హోల్‌కు రెండేసి చొప్పున 36 పట్లు (పట్టర్ దెబ్బలు) ముందుగానే చేరి ఉంటాయి, అంటే సగం స్ట్రోకులు. అంత పని చేసే క్లబ్బును పేరు చూసి గాక, దాని వెనుక నిలబడినప్పుడు గురి సూటిగా కనిపిస్తోందా, పొడవు మన నిలువుకు సరిపోతోందా అని చూసి ఎంచుకోవాలి. పట్టర్ త్వరగా అరిగిపోయే వస్తువు కాదు కాబట్టి పాతదైనా నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న రెండు ఐరన్లను చూడండి. రెండూ 7వ నంబరువే. మొదటిది బ్లేడ్: వెనుక భాగం నున్నగా, పలచగా, చూడముచ్చటగా ఉంటుంది. రెండవది క్యావిటీ బ్యాక్: వెనుక గుంట తొలిచి, ఆ లోహాన్ని చుట్టూ అంచుల్లోకి చేర్చారు. బరువు అంచులకు చేరితే క్లబ్బు తల జడత్వ భ్రామకం, అంటే మెలి తిరగకుండా నిలిచే గుణం, పెరుగుతుంది. బంతి మధ్యలో కాక పక్కన తగిలినా తల అంతగా మెలి తిరగదు, దూరం మరీ పడిపోదు. ఈ సూత్రాన్ని గోల్ఫ్‌లో ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు కార్స్టెన్ సోల్హైమ్ అనే ఇంజనీరు. ఆయన 1959లో తల రెండు చివరలైన మడమకూ మొనకూ బరువు పంచిన పట్టర్‌ను తయారుచేసి, పింగ్ అనే సంస్థను నెలకొల్పి, అదే ఆలోచనను ఐరన్లకూ విస్తరించాడు. నేను ఆట మొదలుపెట్టినప్పుడు అమ్మినవారి మాట విని బ్లేడ్లు కొన్నాను. పక్కన తగిలిన ప్రతి బంతికీ చేతులు జివ్వుమనేవి, లోపం నా స్వింగ్‌లోనే ఉందనుకుని నెలల తరబడి కుమిలిపోయాను. మీకు ఆ అనుభవం అక్కరలేదు. మొదటి ఐరన్లు క్యావిటీ బ్యాకే కావాలని పట్టుబట్టండి.

తల తరువాత షాఫ్ట్, అంటే క్లబ్బు కాడ. ఐరన్లలో స్టీల్ షాఫ్ట్ సాధారణంగా వంద గ్రాములకు అటూఇటూ ఉంటుంది, గ్రాఫైట్ అంతకంటే బాగా తేలిక. స్వింగ్ వేగం తక్కువగా ఉన్నవారికి తేలికైనదీ, కాస్త వంగేదీ అనుకూలం. షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే రెగ్యులర్, స్టిఫ్ వంటి ముద్రలకు అన్ని సంస్థలకూ వర్తించే ఒకే కొలత లేదు కనుక, అలాగే ఆడవారివి, మగవారివి అన్న విభజన కన్నా ఎత్తు, వేగం ముఖ్యం కనుక, ముద్ర చదవడంతో సరిపెట్టక పది బంతులైనా కొట్టి చూడాలి.

తక్కువ ఖర్చుకు నిజమైన మార్గం సెకండ్ హ్యాండ్ క్లబ్బులే. కొన్నేళ్ల నాటి మంచి క్యావిటీ బ్యాక్ ఐరన్, నాసిరకం కొత్త ఐరన్ కంటే మీకు ఎక్కువ ఉపకారం చేస్తుంది. అయితే వేర్వేరు సెట్ల నుంచి ఒక్కొక్కటిగా ఏరుకునేటప్పుడు నంబరును నమ్మకండి, లాఫ్ట్ అడగండి, అంటే బంతి ఎంత దూరం పోతుందో తేల్చే, ముఖం వెనక్కి వాలిన కోణం. ఒకప్పుడు 35 డిగ్రీల దగ్గర ఉండే 7వ నంబరు ఐరన్ ఇప్పుడు చాలా సెట్లలో 30కి, కొన్నింటిలో అంతకన్నా కిందికి దిగింది. పిచింగ్ వెడ్జ్ కూడా అలాగే 44 డిగ్రీలకు దిగి ఉంటే, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌కూ దానికీ మధ్య 12 డిగ్రీల ఖాళీ మిగులుతుంది. ఆ మధ్య దూరం నుంచి గ్రీన్ మీదికి కొట్టాలంటే చేతిలో తగిన క్లబ్బు ఉండదు. కాబట్టి కాస్త పాత సెట్టులోని, 46 లేదా 48 డిగ్రీల వెడ్జ్ వెతకడం మేలు.

పాత క్లబ్బు చేతికి రాగానే షాఫ్ట్ వెంబడి వేలితో తడిమి చూడండి. స్టీల్ మీద సొట్ట, గ్రాఫైట్ మీద పగులు ఉంటే ఎంత చవకైనా వద్దు. తలను పట్టుకుని మెలితిప్పినప్పుడు కదిలినా, ఊపినప్పుడు లోపల గలగలమన్నా అతుకు వదులైందని అనుమానించాలి. వెడ్జ్ ముఖం మీది సన్నని గాడులు అరిగి నునుపుతేలితే బంతికి స్పిన్ తగ్గుతుంది. గ్రిప్ గట్టిపడి జారుతుంటే మాత్రం భయపడనక్కరలేదు. తక్కువ ఖర్చుతో కొత్తది వేయించవచ్చు, అది వేయించాక పాత క్లబ్బు చేతిలో కొత్తదానిలాగే నిలుస్తుంది.

ఈ రెండు ఐరన్లనూ ఇక్కడే ఉంచుతున్నాను. ముందుకు వచ్చి రెంటినీ చేతపట్టుకుని, తలల వెనుక భాగాన్ని వేలితో తాకి చూడండి. ఆ తరువాత మీ ఎత్తు, ఇంతకుముందు ఆడిన ఆటలు చెబితే మీకు ఎటువంటి షాఫ్ట్ కుదురుతుందో ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడతాను.