నీళ్లు శుభ్రం, పైపు కాదు

(స్టూడియో చర్చ నుంచి)

యాంకర్: నమస్కారం. వానలు మొదలయ్యాయంటే ఏదో ఒక బస్తీ నుంచో ఊరి నుంచో వాంతులు, విరేచనాల కబురు వస్తుంది. నీళ్లు టెస్ట్ చేస్తారు, క్లోరిన్ కలుపుతారు, రిపోర్ట్ బాగానే ఉందంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే వీధిలో అదే గోల. మేడమ్, మీరు మైక్రోబయాలజీ పాఠాలు చెబుతారు కదా, ఈ క్రిములు ఎక్కడ దాక్కుంటున్నాయి?

ప్రొఫెసర్: పైపు గోడ మీద. మనం నీళ్లలో వెతుకుతాం, అవేమో గోడకు పట్టి ఉంటాయి. రెండు మూడు రోజులు తోమని బిందె లోపల వేలితో రాస్తే జారుతుంది చూడండి, ఆ జిగురే ఇది కూడా. బ్యాక్టీరియా గోడకు అంటుకోగానే చక్కెరలు, ప్రోటీన్లతో తన చుట్టూ ఒక బంక తయారుచేసుకుంటుంది, అందులోకి ఇంకో రకం బ్యాక్టీరియా చేరుతుంది, వాటిని తినడానికి అమీబాలు వస్తాయి, అలా పొర మీద పొర పేరుకుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటాం. పైపుల్లో ఉండే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం పారే నీళ్లలో కాదు, ఈ పొరలోనే ఉంటుంది. చాలావరకు మనకు హాని చేయనివే. కానీ జబ్బు చేసే క్రిమి ఒకటి లోపలికి వచ్చిందంటే దానికి ఇల్లు, తిండి రెండూ సిద్ధంగా ఉన్నట్టే.

యాంకర్: మరి క్లోరిన్ వేస్తే చావవా?

ప్రొఫెసర్: నీళ్లలో తేలేవి చస్తాయి, చాలావరకు అరగంటలో. జిగురు విషయం వేరు. క్లోరిన్ ఆ పొర పైభాగంతోనే కలిసి ఖర్చయిపోతుంది, అడుగున ఉన్నవాటి దాకా చేరదు.

ఇంజనీర్: తుప్పు కూడా క్లోరిన్‌ని తినేస్తుందండీ. నేను పనిచేసిన ఒక ఊళ్లో లీకేజీ కోసం పాత ఇనుప పైపు కోశాం. నాలుగంగుళాల పైపులో లోపల దారి రెండంగుళాలు కూడా మిగల్లేదు, అంతా తుప్పు గడ్డలు, వాటి మధ్య నల్లటి బురద. ఆ రోజు మా ఇంట్లో నీళ్లు తాగబుద్ధి కాలేదు నాకు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన ప్రమాణం చెబుతుంది. ట్యాంకు దగ్గర బాగానే ఉంటుంది, ఇలాంటి పైపు దాటి లైన్ చివరి ఇంటికి వచ్చేసరికి ఏం మిగులుతుంది? అమెరికాలో ఫ్లింట్ నగరం సంగతి గుర్తుందా? 2014 ఏప్రిల్‌లో నది నీళ్లకు మారారు, పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు. పైపుల నుంచి నీళ్లలోకి చేరిన సీసం గురించి ప్రపంచమంతా మాట్లాడింది కానీ, 2014, 2015లలో అక్కడ లెజియనేర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో కనీసం 12 మంది చనిపోయారు.

ప్రొఫెసర్: ఆ జబ్బు బయటపడింది 1976లో, ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగినప్పుడు. కారణమైన బ్యాక్టీరియాను గుర్తించేసరికి 1977 జనవరి వచ్చింది. లెజియోనెల్లా అనే ఈ బ్యాక్టీరియాను అమీబా మింగుతుంది, అరిగించుకోలేదు. అది అమీబా కడుపులోనే పిల్లల్ని పెడుతుంది! అమీబా గట్టి పెంకు కట్టుకుంటే క్లోరిన్ దాని జోలికి పోలేదు, లోపల ఉన్నది క్షేమంగా ఉంటుంది. ఇది తాగితే వచ్చే జబ్బు కాదు, షవర్ తుంపర్లు, పెద్ద ఏసీల కూలింగ్ టవర్ల నుంచి వచ్చే తుంపర్లు పీలిస్తే ఊపిరితిత్తులకు వస్తుంది. గోరువెచ్చని నీళ్లంటే దానికి ఇష్టం, 60 డిగ్రీలు దాటితే బతకలేదు.

యాంకర్: సార్, మన దగ్గర ఎక్కువ భయం కలరా, టైఫాయిడ్, విరేచనాలే కదా?

ఇంజనీర్: అవును, దానికి మూలం రోజు విడిచి రోజు నీళ్లు వదలడం. వాల్వ్ కట్టేయగానే పైపు ఖాళీ అవుతుంది, లోపల ప్రెషర్ పడిపోతుంది. పక్కనే డ్రైనేజీ లైన్ ఉంటుంది, రెండూ లీకవుతుంటాయి. నీళ్లున్నప్పుడు లీకేజీ నుంచి బయటికి కారుతుంది, లేనప్పుడు అదే చిల్లు నుంచి మురుగు లోపలికి పోతుంది. దానికి తోడు కొంతమంది నల్లాకే మోటార్ బిగిస్తారు, అది పక్కింటి నీళ్లనే కాదు, మురుగును కూడా లాగుతుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన నీళ్లు తాగి పది మందికి పైగా పోయారు. తాగునీళ్లలో మురుగు కలవడం వల్ల జరిగిందది. ఇంతమంది పోయిన తర్వాత కూడా పైపు, డ్రైనేజీ పక్కపక్కనే ఉన్న వీధులు ఎన్ని ఉన్నాయో చూస్తే బాధేస్తుంది. పూరీలో 2021 నుంచి ఇరవై నాలుగు గంటలూ నీళ్లు ఇస్తున్నారు, నేరుగా కుళాయి నుంచి తాగేలా. పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే మురుగుకు దారి దొరకదు.

యాంకర్: ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. మా వీధిలో పోయిన నెల అందరికీ విరేచనాలు. నీళ్లు తీసుకెళ్లి టెస్ట్ చేశారు, ఏమీ లేదన్నారు. మా పాపకు మళ్లీ వచ్చింది. రిపోర్ట్ నమ్మొచ్చా?

ప్రొఫెసర్: ముందు పాపకు ఓఆర్ఎస్ ఇస్తూ ఉండండమ్మా, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. రిపోర్ట్ అబద్ధం కాకపోవచ్చు, ఆ సీసాలోని నీళ్ల వరకే అది చెబుతుంది. ఇంకో సంగతి, కలరా క్రిమికి తిండి లేకపోతే ముడుచుకుని చిన్నదైపోతుంది, ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచితే పెరగదు, కానీ బతికే ఉంటుంది. 1982లోనే శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు. మళ్లీ అనుకూలమైతే లేస్తుంది. ప్రస్తుతానికి నీళ్లు తెర్లేదాకా కాచి తాగండి.

కాలర్: సంపులో బ్లీచింగ్ వేస్తున్నామండీ ప్రతి వారం.

ఇంజనీర్: సంపు గోడలు రుద్దారా ఎప్పుడైనా?

కాలర్: లేదండీ.

ఇంజనీర్: అయితే ఖాళీ చేయించి గోడలు, అడుగు బ్రష్‌తో గట్టిగా రుద్దించండి, జిగురు పోయాకే బ్లీచింగ్ పనిచేస్తుంది. తర్వాత వెయ్యి లీటర్లకు దాదాపు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేసి కనీసం అరగంట ఆగండి. మూత తీసి పెట్టిన పాత డబ్బాలోది వద్దు, దాని బలం పోయి ఉంటుంది. నల్లా రాగానే మొదటి కొన్ని నిమిషాల నీళ్లు సంపులోకి పట్టకండి, పైపులో ఊడిన జిగురంతా ఆ నీళ్లతోనే వస్తుంది. మీ ఇల్లు వీధిలో ఎక్కడమ్మా?

కాలర్: చివరిదండీ.

ఇంజనీర్: అయితే ఈసారి లైన్‌మన్ వచ్చినప్పుడు క్లోరిన్ మీ నల్లా దగ్గరే చూడమనండి, వీధి మొదట్లో కాదు. మీ ముందే చూడమనండి. పరీక్ష మందు చుక్కలు వేశాక నీళ్లకు పసుపు రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టే, ఫోన్లో ఫోటో తీసి, తేదీ వేసి ఫిర్యాదు పెట్టండి.