28,000 కిలోమీటర్లే తిరిగిందా? అయితే రబ్బరు చూపించండి

నమస్తే. పాత కారు కొనడానికి వెళ్లిన వాళ్లు ముందుగా అడిగేది ఒకటే, "ఎంత తిరిగింది?" అని. పన్నెండేళ్ల చిన్న కారు, మీటర్ మీద 28,000 అని కనిపిస్తే చాలు, అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. మా బావ అలాగే ఇచ్చాడు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. విప్పి చూస్తే ఇంజన్‌లోకి గాలినీ, బయటికి పొగనీ వదిలే వాల్వులు వంగిపోయి ఉన్నాయి. అప్పట్నుంచి "తక్కువ తిరిగింది, కొత్తదే అనుకోండి" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

[పాత కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని]

ఇది బీరువాలో ఏళ్ల తరబడి పడున్న కట్ట. చుట్టూ ఉన్న రబ్బరు బ్యాండును వేశాక మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. కారు లెక్కలో చెప్పాలంటే ఇది సున్నా కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు లాగుతున్నా, చూడండి.

తెగింది. ముక్కలు కూడా రాలాయి. దీన్ని ఎవరూ వాడలేదు. గాలీ వేడీ కలిసి తినేశాయి.

బావ కారులో తెగింది కూడా ఇదే, కాకపోతే పళ్లున్న పెద్ద రబ్బరు బ్యాండు. దాని పేరు టైమింగ్ బెల్టు. [బెల్టును కెమెరా దగ్గరకు తెచ్చి] పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేది ఇదే. ఇది తెగిందంటే వాల్వులు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, పిస్టన్లు మాత్రం వేగంలో పైకొచ్చి వాటిని గుద్దేస్తాయి. అన్ని ఇంజన్లలో ఇలా గుద్దుకోవు, కానీ చాలా వాటిలో గుద్దుకుంటాయి. వీపు మీద ఈ సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయా? బెల్టును ఇలా వంచితేనే బయటపడతాయి. ఇంజన్‌కి బిగించి, పైన కవరు వేసి ఉంటే మీకెలా తెలుస్తుంది?

అందుకే బెల్టు మార్చడానికి కారు మాన్యువల్‌లో సాధారణంగా రెండు గడువులు ఇస్తారు. ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్నేళ్లు. ఏది ముందొస్తే అది. మనవాళ్లు మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తారు.

అన్ని కార్లకీ బెల్టు ఉండదు. హ్యుందాయ్ గెట్జ్ పెట్రోల్ ఇంజన్లలో బెల్టే, మొదటి తరం టొయోటా యారిస్ పెట్రోల్‌లో చైన్. చైన్‌కి ఇలా ఏళ్ల గడువు ఉండదు గానీ, ఆయిల్ మార్చకుండా నడిపితే అది కూడా సాగి చప్పుడు చేస్తుంది. మీరు చూస్తున్న కారులో ఏదుందో కనుక్కోండి. బెల్టయితే, మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క, నోటి మాట నమ్మొద్దు.

సరే, ఆ బ్యాండును గుర్తుపెట్టుకుని ఇప్పుడు కారు చుట్టూ తిరుగుదాం.

టైరు పక్కన డాట్ (DOT) అని ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. ఆ వరసలో చివర నాలుగంకెలు చూడండి. ఇక్కడ 1712 అనుంది. 2012లో పదిహేడో వారంలో తయారైందని అర్థం. టైరు మీది గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి, నిజమే. కానీ ఇది కూడా బీరువాలోని బ్యాండే. అరుగుదలతో పనిలేదు, పదేళ్లు దాటిన టైరును తీసేయమని మిషెలిన్ లాంటి కంపెనీలే చెబుతాయి. బేరంలో నాలుగు టైర్ల డబ్బు అక్కడే తగ్గించమనండి.

ముందు చక్రాల వెనక వంగి చూస్తే యాక్సిల్‌కి మడతలు మడతలుగా రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే లోపలి గ్రీజు చక్రం లోపలివైపంతా చిమ్ముతుంది. ఆ దశలో పట్టుకుంటే తొడుగు ఖర్చుతో పోతుంది. వదిలేస్తే దుమ్ము చేరి జాయింటే అరిగిపోతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటుంది.

బ్రేక్ ఆయిల్ రబ్బరు కాదు, కానీ దానికీ వయసే శత్రువు. గాలిలో తేమను పీల్చుకుంటూ ఉంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. పొడవాటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది మరిగిందంటే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, కారు ఆగదు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇది నిజంగా ప్రాణాల మీదికొచ్చే విషయం.

ఇంకోటి, తక్కువ తిరిగిన కారంటే చాలాసార్లు రెండేసి కిలోమీటర్లు పోయి ఆపేసిన కారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన నీరు ఆవిరైపోదు. ఆయిల్ పోసే మూత తీసి అడుగున చూడండి. మీగడలా తెల్లటి జిగురుంటే ఇలాంటి తిరుగుడే కారణం కావచ్చు. లేదా ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయుండొచ్చు. మెకానిక్ తేల్చకుండా కొనొద్దు. ఏటా సర్వీసింగ్ జరిగి, దూరాలు తిరిగిన 1,20,000 కిలోమీటర్ల కారు, ఈ 28,000 కారూ పక్కపక్కనుంటే నేను మొదటిదే తీసుకుంటా.

ఇక ఖర్చులు. టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. చిన్న కారుతో సుఖమేంటంటే టైర్లు చిన్నవి, ఆయిల్ నాలుగు లీటర్ల లోపే పడుతుంది, వెనక సస్పెన్షన్ చాలా వాటిలో ఒక్క బీమ్‌తో సరి. టర్బో లేని ఇంజనైతే పాడవడానికి భాగాలూ తక్కువే. కానీ కారు విలువ పడిపోయినంత మాత్రాన విడిభాగాల ధర పడిపోదు. అందుకే బెల్టు, టైర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, హోస్ పైపులు, బ్యాటరీ, ఇవన్నీ కలిపి మొదటి ఏడాదికి పక్కన పెట్టిన డబ్బు కూడా కారు ధరేనని లెక్కేసుకోండి.

"కారు ధరలో పావు వంతు రిపేరుకా?" అని అమ్మేసేవాళ్లున్నారు. ఆ బిల్లును కారు ధరతో పోల్చకండి. కొత్త కారు మీద ఏడాదికి తరిగే విలువ, దాని లోన్ వడ్డీ, ఆ రెండింటితో పోల్చండి. ఎక్కువసార్లు రిపేరే గెలుస్తుంది. ఒక్క తుప్పు విషయంలో మాత్రం కాదు. కింద జాకీ పెట్టే చోట లోహం పొరలుగా ఊడుతుంటే ఎంత చౌకైనా వదిలేయండి.

చివరిగా, కారు చూడ్డానికి వెళ్లే ముందే ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ఫోన్ చేసి చెప్పండి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చేసే చప్పుళ్లు, వదిలే పొగ మీరే చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, రేపు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి.